సెల్ పెట్టినంత మాత్రాన శాఖలు కలవవు: బెంగళూరు కోఆర్డినేటర్‌ గారికి నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నారు. ఈ ఏడాది మిమ్మల్ని ఇంటర్‌డిసిప్లినరీ రీసెర్చ్ సెల్‌కి, అంటే వేర్వేరు శాఖల చేత కలిసి పరిశోధన చేయించే విభాగానికి, కోఆర్డినేటర్‌ని చేశారు. ఇంజనీరింగ్, లైఫ్ సైన్సెస్, సోషల్ వర్క్, అనుబంధ ఆసుపత్రి అన్నీ ఒకే క్యాంపస్‌లో ఉన్నా ఎవరి పని వాళ్లదే. రెండు మీటింగులు పెడితే అందరూ వచ్చారు, బాగుందన్నారు. మూడో మీటింగుకి ఎవరూ రాలేదు. డీన్ గారేమో సంవత్సరం చివరికి ఒక అంతర్జాతీయ కాన్ఫరెన్స్, పది ఎంఓయూలు (బయటి సంస్థలతో అవగాహన ఒప్పందాలు) చూపించమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, వచ్చినవాళ్లు ఎందుకు జారుకుంటున్నారు, డీన్‌కి ఏం చెప్పాలి అని అడిగారు.

నేను ఈ ఊళ్లోనే ఎలక్ట్రానిక్స్ చెప్పాను. తర్వాత చాలాకాలం యూనివర్సిటీ పరిశోధన ఆఫీసు పనులు చూశాను. డాక్టర్లతో, కెమిస్టులతో, సోషల్ వర్క్ వాళ్లతో కలిసి ప్రాజెక్టులు నడిపాను. ఆ అనుభవంతో నాకు బలంగా కుదిరిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండు శాఖల ఉమ్మడి పరిశోధనని నిజంగా నడిపేది ఆ రెండు చోట్లా తిరిగే పీహెచ్‌డీ విద్యార్థి. ప్రొఫెసర్లు సంతకాలు పెడతారు, దారి చూపిస్తారు, డబ్బు తెస్తారు. కానీ వాళ్లకి క్లాసులు, నాక్ (కాలేజీలకి, యూనివర్సిటీలకి గుర్తింపు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు, అడ్మిషన్ డ్యూటీలు ఉన్నాయి. యూజీసీ లెక్క ప్రకారమే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన. పక్క శాఖ ల్యాబ్‌లో పూటంతా కూర్చుని అక్కడివాళ్లు ఏం చేస్తున్నారో చూసే తీరిక విద్యార్థికి మాత్రమే ఉంటుంది. కాబట్టి మీ సెల్ ఇంకేమీ చేయలేకపోయినా, అలా రెండు పడవల మీద కాళ్లు పెట్టిన పిల్లలు మునిగిపోకుండా చూస్తే చాలు. మిగతాది చాలావరకు దాని వెంటే వస్తుంది.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరిని గమనించే సెన్సర్ మీద మేము పనిచేశాం. ఆ పిల్లలకి మధ్యమధ్యలో ఊపిరి ఆగిపోతుంటుంది. 20 సెకన్లు, ఆపైన ఆగితే ఆప్నియా కింద లెక్క. అలారం మోగగానే నర్సు వచ్చి అరికాలు రుద్దితే చాలాసార్లు బిడ్డ మళ్లీ ఊపిరి అందుకుంటుంది. తప్పుడు అలారాలు మోగుతుంటే మాత్రం నర్సులకి విసుగొస్తుంది, అసలు అలారం మోగినప్పుడు లేచి రావడం ఆలస్యమవుతుంది. అందుకని ల్యాబ్‌లో అందరి దృష్టీ అల్గారిథమ్ మీదే. ఫలితాలు బాగానే వస్తున్నాయి. అయితే వార్డు నుంచి వచ్చే డేటాలో పెద్ద పెద్ద ఖాళీలు కనిపించేవి. వైర్‌లెస్ లింకు తెగుతోందా, బ్యాటరీయా అని ల్యాబ్‌లో చర్చ నడిచేది.

ఆ ప్రాజెక్టులో నెల్లూరు నుంచి వచ్చిన పీహెచ్‌డీ అమ్మాయి ఒకామె ఉండేది. డాక్టర్ గారి అనుమతి తీసుకుని రాత్రి షిఫ్టుల్లో వార్డులో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట్లో నర్సులు పట్టించుకోలేదు. మదనపల్లె వైపు నుంచి వచ్చిన సిస్టర్ ఒకావిడ ఈ అమ్మాయి తెలుగుదని తెలిశాక దగ్గరికి పిలిచి మాట్లాడింది. "చూడమ్మా, మీరిచ్చిన ఈ స్టిక్కర్ పీకితే బిడ్డ తోలు కూడా ఊడొస్తాది. డాక్టర్ రౌండ్సుకి వచ్చేముందు పెడతాం, పోయినాక తీసేస్తాం. తల్లి ఎద మీద బిడ్డను పండబెట్టేటప్పుడు కూడా వైరు అడ్డమొస్తాంది, అప్పుడూ తీసేస్తాం" అంది. 28 వారాలకో 30 వారాలకో పుట్టిన బిడ్డకి చర్మం పైపొర ఇంకా గట్టిపడి ఉండదు. పెద్దవాళ్లకి వాడే జిగురు పీకితే నిజంగానే చర్మం చిట్లుతుంది. ఇది పిల్లల డాక్టర్లకి తెలియని సంగతి కాదు. ఇంజనీర్లకి అది ముఖ్యమవుతుందని వాళ్లకి తట్టలేదు, అడగాలని ఇంజనీర్లకి తట్టలేదు.

ఆ మాటతో ప్రాజెక్టు దారే మారిపోయింది. జిగురు లేకుండా మెత్తటి పట్టీలో సెన్సర్ ఎలా ఇమడ్చాలి, తల్లి బిడ్డని ఎదకి హత్తుకున్నా అది పనిచేయాలంటే ఎలా, తల్లి గుండె చప్పుడు బిడ్డ సిగ్నల్‌లో కలిసిపోతే విడదీయడం ఎలా అన్నవి అసలు ప్రశ్నలయ్యాయి. పాలిమర్ కెమిస్ట్రీ మేడమ్ గది తలుపు ఆ అమ్మాయే వెళ్లి తట్టింది. అంతకుముందు జరిగిన ఏ మీటింగుకీ మేడమ్‌ని ఎవరూ పిలిచి ఉండరు, ఎందుకంటే ఈ పనిలో కెమిస్ట్రీ ఉందని ఎవరికీ తెలియదు. ఎవరు కావాలో సమస్యలోకి దిగాకే తెలుస్తుంది. మొదటి రోజే శాఖల పేర్లు రాసుకుని కమిటీ వేస్తే, కావలసినవాళ్లు ఆ కమిటీలో ఉండరు.

ఇప్పుడు ఆ అమ్మాయికి ఏమైందో కూడా చెప్పాలి. మూడో ఏడాది ప్రోగ్రెస్ రివ్యూలో కమిటీ పెద్దాయన ఒకరు "ఇందులో ఎలక్ట్రానిక్స్ ఎక్కడుందమ్మా? గుడ్డ పట్టీ మీద పీహెచ్‌డీ ఏమిటి?" అన్నారు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని బయటికొచ్చింది. వార్డులో రాత్రుళ్లు కూర్చుని ఎవరూ చూడనిది చూసిన విద్యార్థి, తన సొంత శాఖ ముందు దోషిలా నిలబడింది. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. ఇలాంటివి ప్రతి క్యాంపస్‌లోనూ జరుగుతున్నాయి. తర్వాతి బ్యాచ్ పిల్లలు ఇది చూసి, సొంత గైడ్ ల్యాబ్ దాటి బయటికి రాకూడదని నేర్చుకుంటారు. మీరు ఎన్ని మీటింగులు పెట్టినా ఆ పాఠాన్ని చెరపలేరు.

కాబట్టి మీ చేతిలో అధికారం ఉన్నంతవరకు, ముందు పీహెచ్‌డీ రూల్స్ తెరిచి చూడండి. రెండో శాఖ నుంచి కో-గైడ్‌ని రిజిస్ట్రేషన్ రోజే కాగితం మీద పెట్టే వీలుందా? చాలాచోట్ల "తర్వాత చూద్దాం" అంటారు, ఆ తర్వాత రానే రాదు. డాక్టోరల్ కమిటీలో రెండో శాఖ మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండాలి. థీసిస్ పరీక్షకుల ప్యానెల్‌కి కూడా అదే వర్తిస్తుంది. కోర్స్‌వర్క్‌లో ఒక పేపరు పక్క శాఖలో చదివితే ఆ క్రెడిట్లు లెక్కలోకి రావాలి. వీటికి రూపాయి ఖర్చు లేదు. అకడమిక్ కౌన్సిల్‌లో ఒక తీర్మానం చాలు.

దీనితో పాటు విద్యార్థికి నిజం చెప్పాల్సిన బాధ్యత కూడా మనదే. అధ్యాపక ఉద్యోగాలకి యూజీసీ అర్హతల్లో "సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టు" అని ఉంటుంది. ఏది అనుబంధమో ఇంటర్వ్యూ బోర్డు దయ. అందుకని డిగ్రీ ఒక మాతృశాఖ పేరుతోనే తీసుకోమని, మొదటి పేపరు తన శాఖ వాళ్లు గౌరవించే జర్నల్‌లో వేయమని నేను పిల్లలకి చెబుతాను. కాళ్లు ఒకచోట గట్టిగా ఆనించి, చేతులు ఎంత దూరమైనా చాచవచ్చు. ఇది పాతకాలపు సలహా అని కొందరు యువ అధ్యాపకులు నాతో వాదిస్తారు. ఉద్యోగ ప్రకటనలు మారిన రోజు నేనూ మార్చుకుంటాను.

ఇక సమస్యని ఎక్కడ వెతకాలి అన్న సంగతి. మన ఊళ్లోనే దీనికి మంచి చరిత్ర ఉంది, మీ యువ సహోద్యోగుల్లో చాలామందికి తెలియదనుకుంటాను. ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) 1974లో అస్త్ర అనే కేంద్రం మొదలైంది. గ్రామాలకి సైన్సుని, టెక్నాలజీని అందించడం దాని పని. దాన్ని నడిపిన అమూల్య రెడ్డి గారు ఎలక్ట్రోకెమిస్టు. ఆ శాస్త్రంలో ప్రపంచమంతా చదివిన పాఠ్యపుస్తకం రాసినవారిలో ఒకరు. అలాంటాయన తుమకూరు జిల్లా పల్లెల్లో కట్టెపుల్లలు, పేడ లెక్కలు వేయడానికి కూర్చున్నారు. సివిల్ ఇంజనీర్లు, మెకానికల్ వాళ్లు, కెమిస్టులు కలిసి మట్టి ఇటుకలు, పొగ తక్కువ వచ్చే పొయ్యిలు, గోబర్ గ్యాస్ మీద పనిచేశారు.

అందులో పుర అనే పల్లె కథ ప్రతి కోఆర్డినేటర్‌కీ తెలియాలి. ఊరందరికీ వంటకి గోబర్ గ్యాస్ ఇద్దామని మొదలుపెట్టారు. ఊళ్లో పశువులు వేసే పేడ అందరి వంటకీ సరిపోలేదు, పథకం నిలిచిపోయింది. అక్కడితో ఫైలు మూసేసి ఉండవచ్చు. కానీ వాళ్లు ఊరివాళ్లతో మళ్లీ కూర్చున్నారు. ఊరివాళ్లకి ముందుగా కావలసింది మంచినీళ్లు. దాంతో 1987లో అదే గ్యాస్‌తో ఇంజన్ నడిపి, కరెంటు తీసి, బోరు నీళ్లు తోడి కొళాయిలకి ఇచ్చారు, ఇళ్లకి దీపాలిచ్చారు. పేడ తెచ్చిన ఇంటికి డబ్బు, గ్యాస్ తీశాక మిగిలిన మడ్డి తిరిగి పొలానికి. అప్పుడు ఊరే దాన్ని నడుపుకుంది. గ్యాస్ తయారుచేసే రసాయనశాస్త్రం మొదటిసారీ అదే, రెండోసారీ అదే. తేడా వచ్చింది ప్రశ్న ఎవరు అడిగారన్న దగ్గర.

మీకు పుర దాకా వెళ్లే పనీ లేదు. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలార్ చెరువులకి పంపే కేసీ వ్యాలీ పథకం 2018 నుంచి నడుస్తోంది. రోజుకి 440 మిలియన్ లీటర్లు పంపేలా కట్టారు. ఎండిపోయిన చెరువులు నిండాయి, బోర్లలో నీళ్లు పైకొచ్చాయి. ఆ నీళ్లలో ఏముంది, మట్టిలో ఏం పేరుకుంటోంది, కూరగాయల్లోకి ఏమన్నా ఎక్కుతోందా, చేపలు తినవచ్చా అన్న ప్రశ్నలు రైతులకి రోజూ ఉన్నాయి. మైక్రోబయాలజీ, అనలిటికల్ కెమిస్ట్రీ, హైడ్రాలజీ, వ్యవసాయం, పబ్లిక్ హెల్త్ అన్నీ అందులో ఉన్నాయి. ముల్బాగల్, శ్రీనివాసపురం వైపు ఇళ్లలో మాట్లాడేది ఎక్కువగా తెలుగే. మీ దగ్గర ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చదివే తెలుగు పిల్లలు ఉంటే వాళ్లని ఆ రైతుల దగ్గరికి పంపండి. నీటి శాంపిళ్లు తీసే కెమిస్టు కూడా వాళ్లతో అదే జీపులో వెళ్లాలి. విడివిడిగా వెళ్తే రెండు రిపోర్టులు వస్తాయి. కలిసి వెళ్తే "ఏ నెలలో ఏ పంటకి ఈ నీళ్లు పెడుతున్నారు, ఆ నెల శాంపిల్ మన దగ్గర ఉందా?" అనే ప్రశ్న జీపులోనే పుడుతుంది.

కోలార్ కాకపోతే మీ ఆసుపత్రి ఓపీ ఉంది, మీ క్యాంపస్ వెనకాల చెరువు ఉంది. ఒకటే నియమం పెట్టుకోండి. సమస్య సొంతదారు ఎవరో ఒకరు యూనివర్సిటీ ల్యాబ్ బయట ఉండాలి. నర్సు, రైతు, కార్పొరేషన్ ఇంజనీరు, బడి టీచరు ఎవరైనా సరే. అలాంటి మనిషి లేని ప్రాజెక్టులో ప్రొఫెసర్లు తమకి వచ్చిన పద్ధతికి పనికొచ్చే సమస్యని వెతుక్కుంటారు. పేపరు వస్తుంది, అంతే.

ఇదంతా పల్లెటూరి టెక్నాలజీకే కదా, మౌలిక శాస్త్రానికి ఎలా అని మీ లైఫ్ సైన్సెస్ వాళ్లు అడగవచ్చు. వాళ్లకి యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పండి. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1923లో బోస్టన్ చేరిన మనవాడు. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనకి అధిపతి అయ్యాక ఆయన చేసింది ఏమిటంటే, డాక్టరుకి వచ్చిన అనుమానం కెమిస్టు బల్ల మీదికి, కెమిస్టు చేసిన మందు మళ్లీ డాక్టరు చేతికి త్వరగా చేరేలా చూడటం. బోస్టన్‌లో పిల్లల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకి ఫోలిక్ ఆమ్లపు రూపాలు ఇచ్చి చూస్తే జబ్బు ముదిరినట్టు కనిపించింది. అయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థం ఇస్తే? ఆ ప్రశ్న సుబ్బారావు గారి బృందానికి చేరింది. ఫోలిక్ ఆమ్లాన్ని అప్పటికే ప్రయోగశాలలో తయారుచేసిన కెమిస్టులు వాళ్లు. దాని నిర్మాణం కొద్దిగా మార్చి అమినాప్టెరిన్ చేసి పంపారు. 1948లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతవరకు ఏ మందుకీ లొంగని జబ్బు అది. ఇవాళ మన ఊళ్లో కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకి వాడే మెథోట్రెక్సేట్ ఆ కుటుంబానిదే.

అదే సంస్థలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉండేవారు. యూనివర్సిటీలో రిటైరై, డెబ్బై ఏళ్లు దాటాక అక్కడ మట్టి శాంపిళ్లలో బూజులు, సూక్ష్మజీవులు వెతుకుతూ కూర్చున్నారు. మందుల కంపెనీలో మొక్కల శాస్త్రజ్ఞుడికి, అదీ రిటైరైన మనిషికి ఏం పని అని ఎవరైనా అనవచ్చు. ఆయన పట్టుకున్న సూక్ష్మజీవి నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. టెట్రాసైక్లిన్ మందులన్నిటికీ అది మొదలు. మీ యూనివర్సిటీలో రిటైరైన బోటనీ ప్రొఫెసర్లు ఉంటే వాళ్లకి ఒక గది, ఒక మైక్రోస్కోపు ఇవ్వండి. ఇది నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఎవరి దగ్గర ఏముందో వాళ్లకి తెలిసినంతగా వెబ్‌సైట్‌లో ఏ పేజీకీ తెలియదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న: వచ్చినవాళ్లు ఎందుకు జారుకున్నారు? వాళ్లకి ఆసక్తి లేదనుకోకండి. లెక్క వేసుకున్నారు, అంతే. యూజీసీ 2018 నిబంధనల్లో రీసెర్చ్ స్కోరు చూడండి. సైన్సు పేపరుకి 8 పాయింట్లు. ఒక్కరే రాస్తే పూర్తి 8. ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి అందులో 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి రచయితకో కరస్పాండింగ్ రచయితకో (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవారు) 70 శాతం, మిగతా ఒక్కొక్కరికి 30 శాతం. ఉమ్మడి ప్రాజెక్టు తెస్తే పీఐకి (ప్రాజెక్టు ముఖ్య పరిశోధకుడికి), కో-పీఐకి (సహ పరిశోధకుడికి) చెరి 50 శాతం. అంటే ఐదుగురు కలిసి రెండేళ్లు కష్టపడి రాసిన పేపరులో నాలుగో పేరు మీదైతే మీకు దక్కేది 2.4 పాయింట్లు. ప్రమోషన్ ఫైలు దగ్గర పడుతున్న మనిషి మీ మీటింగుకి రాకపోతే నేను తప్పు పట్టను.

దీనికితోడు ఒక్కో శాఖకి ఒక్కో ఆచారం. బయాలజీలో ఆఖరి పేరు ల్యాబ్ పెద్దది, దానికి గౌరవం ఎక్కువ. గణితంలో చాలామంది అక్షరక్రమంలో వేస్తారు, ఎవరిది ఎక్కువ పని అన్న ప్రశ్నే రాదు. కంప్యూటర్ సైన్సు వాళ్లకి మంచి కాన్ఫరెన్స్ పేపరు జర్నల్ కన్నా విలువ. డాక్టర్లకి కాన్ఫరెన్స్ పేపరు ఎందుకూ పనికిరాదు, పబ్‌మెడ్‌లో (వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచికలో) కనిపించే జర్నల్ కావాలి. పైగా మెడికల్ కాలేజీ ప్రమోషన్లలో మొదటి రెండు మూడు పేర్లకీ కరస్పాండింగ్ రచయితకీ ఉన్న విలువ మిగతావాళ్లకి లేదు. ఇంజనీరింగ్ వాళ్లు మర్యాదగా డాక్టర్ గారి పేరు చివర వేసి "మీది పెద్ద స్థానం సార్" అంటే, ఆయనకి అది శూన్యం. ఎవరూ ఎవర్నీ మోసం చేయకుండానే మనసులు విరుగుతాయి.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. పని మొదలుకాకముందు ఒక పేజీ రాసుకోవాలి. ఎన్ని పేపర్లు రావచ్చు, ఏది ఏ శాఖ జర్నల్‌కి, దేనిలో ఎవరి విద్యార్థి మొదటి పేరు, డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఒకరు ఊరు మారిపోతే ఏం చేస్తారు, వచ్చే గ్రాంటులో ఓవర్‌హెడ్ (నిర్వహణ ఖర్చుల కింద సంస్థకి వచ్చే వాటా) ఏ శాఖకి ఎంత. ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ హెచ్ఓడీలు (శాఖాధిపతులు) ముఖం మాడ్చుకునేది అక్కడే. తన మనిషి సగం టైము పక్క శాఖకి పనిచేస్తుంటే, తన శాఖ ఖాతాలో పైసా పడకపోతే ఏ హెచ్ఓడీ అయినా ఎంతకాలం ఊరుకుంటారు? ఆరు నెలలకోసారి ఆ పేజీ తీసి మళ్లీ చూడండి, మారితే దిద్ది మళ్లీ సంతకాలు పెట్టండి. మొదట్లో ఇది మొహమాటంగా ఉంటుంది. మన దగ్గర "మన మధ్య కాగితాలెందుకండీ" అనడం మర్యాద కదా. సెల్ పేరుతో అందరికీ ఒకే ఫారం పెట్టేస్తే ఆ మొహమాటం మీ మీదికి వస్తుంది, వాళ్లు హాయిగా సంతకం పెడతారు. పేపరు చివర ఎవరు ఏం చేశారో రాయడానికి చాలా జర్నళ్లు ఇప్పుడు క్రెడిట్ అనే 14 పాత్రల పట్టిక వాడుతున్నాయి. దాన్నే మీ ఫారంలో పెట్టుకోవచ్చు.

యూజీసీ లెక్కని మీరు మార్చలేరు. మీ యూనివర్సిటీ లోపల ఇచ్చే ఇన్సెంటివ్, అవార్డు, సీడ్ గ్రాంటు (పని మొదలుపెట్టడానికి ఇచ్చే చిన్న నిధి) నియమాలు మాత్రం మార్చవచ్చు. రెండు శాఖల పేపరుకి ఇద్దరికీ పూర్తి ఇన్సెంటివ్ ఇవ్వమని అడగండి. ఇద్దరు కలిసి ఒక కోర్సు చెబితే మొదటి రెండేళ్లు ఇద్దరి బోధన గంటల్లోనూ పూర్తిగా లెక్క కట్టమని అడగండి. సగం సగం కడితే ఎవరూ ముందుకి రారు, ఎందుకంటే కలిసి చెప్పే క్లాసుకి ప్రిపరేషన్ రెట్టింపు.

డబ్బు గురించి పెద్దగా టెన్షన్ పడకండి. ప్రాజెక్టుకి మూడు నాలుగు లక్షల చొప్పున ఏడాదికి నాలుగైదు సీడ్ గ్రాంట్లు చాలు. షరతులు కొన్నే: రెండు శాఖలు, ఉమ్మడి విద్యార్థి ఒకరు, బయటి సమస్య సొంతదారు ఒకరు, కొత్త పరికరం కొనకూడదు. దరఖాస్తు రెండు పేజీలు మించకూడదు, నిర్ణయం నెలలోపు రావాలి. పరికరాలకి ఐ-స్టెమ్ పోర్టల్ ఉంది, మన ఐఐఎస్‌సీ నుంచే నడుస్తుంది, 2020 జనవరిలో ఇక్కడే జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ప్రారంభించారు. దేశంలో ఏ ల్యాబ్‌లో ఏ యంత్రం ఉందో చూసి బుక్ చేసుకోవచ్చు. నానో ఫ్యాబ్రికేషన్ కావాలంటే ఐఐఎస్‌సీ నానో కేంద్రం బయటి కాలేజీల వాళ్లకీ శిక్షణ ఇస్తుంది. జీవశాస్త్రం వైపు జీకేవీకే (వ్యవసాయ యూనివర్సిటీ) క్యాంపస్‌లో సీ-క్యాంప్ అనే పరిశోధన వసతుల కేంద్రం ఉంది. మీ సొంత క్యాంపస్‌లో అయితే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆపరేటర్‌ని స్నేహితుడిని చేసుకోండి. ఏ శాఖలో ఎవరు ఏం చేస్తున్నారో ఆయనకి తెలిసినంత రిజిస్ట్రార్‌కి కూడా తెలియదు.

ఎథిక్స్ కమిటీ విషయం ఇంజనీర్లకి ముందే చెప్పండి. మనుషుల డేటా తీసుకునే పని ఏదైనా అనుమతి వచ్చాకే మొదలవ్వాలి, డేటా తీసుకున్నాక వెనక తేదీతో అనుమతి ఎవరూ ఇవ్వరు. నెలలు పడుతుంది కాబట్టి టైమ్‌టేబుల్‌లో దాన్ని కలుపుకోండి. అలాగే పేటెంట్ ఆలోచన ఉంటే కాన్ఫరెన్స్‌లో చెప్పకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయాలి. అక్కడి నుంచి పూర్తి వివరాలకి 12 నెలల గడువు ఉంటుంది. విద్యాసంస్థలకి 2021 నుంచి ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది. ఉమ్మడి ఆవిష్కరణలో ఆసుపత్రి వాటా ఎంత అన్నది కూడా ఆ ఒక పేజీలోనే రాయండి.

ఇక డీన్ గారు. ఆయన్ని ఎదిరించకండి, ఆయన మీద కూడా పైనుంచి ఒత్తిడి ఉంది. నాక్‌లో కూడా ఎంఓయూ ఫంక్షనల్‌గా ఉండాలి, దాని కింద ఏం జరిగిందో చూపించాలి అని ఆయనకి గుర్తు చేయండి. పది సంతకాల కన్నా, కింద పని జరుగుతున్న రెండు ఎంఓయూలు ఆయన ఫైలుకే బలం. ఒకటి మీ సొంత అనుబంధ ఆసుపత్రితో, ఇంకొకటి కోలార్ వైపు ఏదైనా రైతు సంఘంతో ప్రయత్నించండి. ఐఐఎస్‌సీలో ఎకాలజిస్టు మాధవ్ గాడ్గిల్ గారు 1973లో థియరిటికల్ స్టడీస్ కేంద్రంలో చేరితే, ఎకాలజీకి వేరే కేంద్రం వచ్చింది 1983లో. పదేళ్లు మనుషులు పనిచేశాక బోర్డు పెట్టారు. మద్రాసు ఐఐటీ రీసెర్చ్ పార్కులో కంపెనీలకి చోటు ఇచ్చేటప్పుడే, ఐఐటీ అధ్యాపకులతో, విద్యార్థులతో ఎంత పని చేశారో క్రెడిట్లుగా లెక్కగడతారు. అద్దె కట్టి తలుపు వేసుకుని కూర్చునే కంపెనీకి అక్కడ చోటు లేదు. ఈ రెండు ఉదాహరణలూ ఆయనకి నచ్చుతాయి, పేరున్న సంస్థలు కదా.

కాన్ఫరెన్స్ రద్దు చేయమని మాత్రం అడగకండి, హాలు బుక్ అయిపోయి ఉంటుంది. మూడు రోజుల్లో ఒక్క రోజు మీకు ఇమ్మనండి. ఆ రోజు అధ్యాపకుల పేపర్లు వద్దు. ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) సిస్టర్, జలమండలి ఇంజనీరు, కోలార్ రైతు, ప్రభుత్వ బడి హెడ్మాస్టరు ఇలా పదిమందిని పిలిచి, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు తమ సమస్య చెప్పమనండి, కన్నడలోనో తెలుగులోనో. హాల్లో ముందు వరుసల్లో మీ పీహెచ్‌డీ పిల్లల్ని కూర్చోబెట్టండి, ప్రొఫెసర్లు వెనక కూర్చుంటారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర విద్యార్థులు ఎవరి పక్కన కూర్చుంటారో చూడండి. సాయంత్రం సీడ్ గ్రాంటు రెండు పేజీల ఫారం, ఆ ఒక పేజీ ఒప్పందం వాళ్ల చేతిలో పెట్టండి. ఆ ఒప్పందం నమూనా మీకు కావాలంటే ఇక్కడే అడగండి, మేము వాడినది తెలుగులో రాసి పెడతాను.